సొంతూరు ఏదని అడిగే ముందు

పోయిన శ్రావణంలో ఒక ఆదివారం విశాఖపట్నంలో పెదగంట్యాడ వైపు నిర్వాసితుల కాలనీలో ఉండే ఒక చిత్రకారుడి ఇంటికి వెళ్ళాను. స్టీల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. మిత్రులు కొందరు కలిసి నడిపే చిన్న మాసపత్రిక కోసం ఏడేళ్ళుగా నేను ఉత్తరాంధ్ర కళాకారులతో ముఖాముఖీలు చేస్తున్నాను. కాఫీలు అయ్యాక ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఎప్పుడూ అడిగే మొదటి ప్రశ్నే అడిగాను.

"మీ సొంతూరు ఏది మాస్టారూ? మీ మూలాల గురించి చెప్పండి."

ఆయన వెంటనే ఏమీ అనలేదు. గోడకి ఆనించి ఉన్న బొమ్మ వైపు కాసేపు చూశారు. తర్వాత, "మా ఊరు గేటు లోపల ఉండిపోనాదమ్మా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. "ప్లాంటు గేటు. నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు ఊరు ఖాళీ చేయించీసేరు. ఊరు పోయినోళ్ళకి ఇచ్చిన ఆర్ కార్డు మీద నాకు ఉద్యోగం వచ్చింది. అంటే రోజూ మా ఊరికే డ్యూటీకి ఎల్లేవోణ్ణి. రిటైరైన రోజు పాస్ ఇచ్చీసేను. ఊరు కూడా ఇచ్చీసినట్టే."

విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని చిన్నప్పటి నుంచీ అంటూ పెరిగినదాన్ని నేను. 1966 ఉద్యమం గురించీ, అందులో ప్రాణాలు పోయిన 32 మంది గురించీ ఎప్పుడడిగినా చెప్పగలను. ఆ ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్ళు లేచిపోయాయనీ తెలుసు. అయినా ఆ అరవై నాలుగింటిలో ఒక ఊరి మనిషి ఎదురుగా కూర్చుంటే, నీ ఊరేదని తేలిగ్గా అడిగేశాను. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ పోస్టు దాని గురించే.

ఒకే పేజీలో రెండు ఊళ్ళు

ముఖాముఖీ అచ్చయ్యాక ఆ పేజీ చూసుకుంటే మనసు పాడైంది. పైన మూడొంతులు ఆయన మాటలు. కింద రంగు వేసిన గడిలో ప్రతి నెలా వేసే నగరం కబుర్లు: ఆర్కే బీచ్‌లో జలాంతర్గామి చూడటానికి రద్దీ లేని వేళ ఏది, ముంత మసాలా ఎవరి దగ్గర బాగుంటుంది, చేనేత ప్రదర్శన ఎన్నో తారీఖు దాకా ఉంటుంది. ఆ గడి రాసేదీ నేనే.

పైన ఊరంటే పోయిన పల్లె. కింద ఊరంటే సముద్రం. ఈ రెంటికీ మధ్య ఆయన యాభై ఏళ్ళు బతికిన విశాఖపట్నం ఆ పేజీలో ఎక్కడా లేదు. అంతకంటే బాధ ఏమిటంటే, అది ఆయన మాటల్లో ఉంది. గడికి చోటు చాలక నేనే కోసేశాను.

కోసేసిన భాగం ఇది. ఆయనకి బొమ్మలు నేర్పిన గురువు ఎవరూ లేరు. ప్లాంటులో జాగ్రత్త బోర్డులు రాసే పని పడింది. సుద్ద పూసిన దారాన్ని రెండు చివరలా బిగలాగి పట్టి మధ్యలో వేలితో మీటితే రేకు మీద తెల్లటి గీత పడుతుంది. ఎడం చేతిలో సన్నటి కర్ర ఉంటుంది. దాని కొనకి గుడ్డ చుట్టి రేకుకి ఆన్చి, ఆ కర్ర మీద కుడి మణికట్టు నిలిపి అక్షరం దించుతారు. చెయ్యి వణకదు, రంగు అంటదు. ఇప్పుడు తన ఊరి తాటిచెట్లు వేసినా ఆయన అలాగే వేస్తారు. ముందు దారం కొట్టి నిలువు గీత, తర్వాత చెట్టు. నేల కోసం వాడే ఎరుపు, ఇనప సామాను తుప్పు పట్టకుండా పూసే రెడ్ ఆక్సైడ్. "మా నేల రంగు ఏ షాపులోనూ దొరకలేదమ్మా, ప్లాంటు స్టోర్‌లో దొరికింది" అని నవ్వారు.

మరి ఈయన మూలం ఏది? గేటు లోపల ఉండిపోయిన పల్లెనా, ఆ పల్లెను మింగిన ఫ్యాక్టరీనా? పల్లె లేకపోతే ఆ బొమ్మ లేదు. ఫ్యాక్టరీ లేకపోతే ఆ గీత లేదు. నా ప్రశ్నలో మొదటి దానికే చోటుంది. అడిగేటప్పుడే సగం జవాబు కొట్టేసి అడుగుతున్నానన్నమాట.

ఎవరి తాలూకా?

ఈ ప్రశ్నలో ఇంకో ముల్లు ఉందని నాలుగేళ్ళ కిందటే ఒక అమ్మాయి చెప్పింది. అప్పుడు సరిగా వినలేదు. వన్ టౌన్‌లో పుట్టి పెరిగిన రంగస్థల నటి, మంచి గొంతు. మూలాల ప్రశ్న అడగ్గానే, "అక్కా, ఇది తప్ప ఇంకేదైనా అడుగు" అంది. వినయం కొద్దీ అంటోందనుకున్నాను. రికార్డింగ్ ఆపాక చెప్పింది. రిహార్సల్స్‌కి వెళ్ళిన ప్రతిచోటా ఎవరో ఒక పెద్దాయన ముందు ఊరు అడుగుతాడట, తర్వాత వీధి, తర్వాత ఇంటిపేరు. మూడు ప్రశ్నలయ్యేసరికి ఆయన ముఖం మారిపోతుందట. "మూలాలు అంటే మీ పత్రికలో బాగుంటుంది. మాకది ఎవరి తాలూకా అని అడగడమే" అంది.

మన వైపు ఎంత ప్రేమగా వాడే మాట అది! కొత్త మనిషి కనపడితే ఎవరి తాలూకా అంటాం. చుట్టరికం కలుపుకోవడానికి అడిగేవాళ్ళు నిజంగానే ఉన్నారు, మా అమ్మమ్మ అలాగే అడిగేది, అన్నం పెట్టడానికి. అదే మాట తూకం వెయ్యడానికి కూడా పనికొస్తుంది. అడిగేవాళ్ళకి తేడా తెలియదు, చెప్పేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

అలాగని ఆ ప్రశ్న అడగడమే మానేద్దామా అంటే అదీ తప్పే. సగౌరవంగా, గొంతెత్తి తన మూలం చెప్పుకోవాలనుకునే కళాకారులు ఉన్నారు. తప్పెటగుళ్ళు ఆడే ఒక పెద్దాయన తన తాత పేరు చెప్పకుండా గుండె మీద గుళ్ళు కట్టుకోడు. అడగకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. అడగడానికీ ఆరా తియ్యడానికీ మధ్య గీత ఎక్కడుందో నాకు చాలాకాలం తెలియలేదు.

భాష సంగతీ ఇందులోదే. ఇంట్లో "ఏటి", "ఎల్లొస్తాను" అని మాట్లాడే మనిషి రికార్డింగ్ మొదలవగానే "ఏమిటండి", "వెళ్ళి వస్తాను" అంటాడు. మూలాల గురించి చెప్పమని అడిగి, మూలం అంతా ఉన్న ఆ నాలుకని దాచుకునేలా చేస్తున్నాం. చిత్రకారుడి మాటల్ని కూడా నేను అచ్చులో సరిచేశాను. "ఉండిపోనాది" అన్నదాన్ని "ఉండిపోయింది" అని రాశాను. ఇక్కడ ఆయన అన్నట్టే రాస్తున్నాను.

పుట్టిన చోటు, పని చేసిన చోటు

సొంతూరు అంటే పుట్టిన ఊరు అనే లెక్క మన పెద్ద రచయితల దగ్గరే నిలబడదు. గురజాడ పుట్టింది ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలో. ఎవరినడిగినా విజయనగరం అంటారు, అనడమూ సబబే. రావిశాస్త్రి 1922లో శ్రీకాకుళంలో పుట్టారు. కానీ ఆయన కథల్లో తిరిగే దొంగసారా మనుషులూ, పోలీసులూ, ప్లీడరు గుమస్తాలూ, సాక్షులూ ఎక్కడివాళ్ళు? విశాఖ కోర్టు వరండా వాళ్ళు. ప్లీడరు వృత్తి చేసిన మనిషి చెవి అది. ఆయన్ని సొంతూరు ఏదని అడిగి శ్రీకాకుళం అని రాసుకుని లేచొచ్చేస్తే, అసలు మనిషి వరండాలోనే ఉండిపోతాడు.

వంగపండు ప్రసాదరావు సంగతి ఇంకా స్పష్టం. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు, అందుకే ఆయన్ని పల్లె పాటగాడనే తలుచుకుంటాం. హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన సంగతి ఒక వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. యంత్రం గురించీ దాన్ని నడిపే చేతుల గురించీ పాట కట్టిన మనిషికి సింధియాలోని ఆ షిప్‌యార్డు గేటు మూలం కాదా? జానపదం అనగానే పొలం గట్టు మీదే వెతుకుతాం. షిఫ్టు బస్సులోనూ పుడుతుంది.

ఇంతవరకు రాసి, నగరమే అసలు మూలం అని తేల్చేద్దామనుకున్నాను. కారా మాస్టారు అడ్డొచ్చారు.

కాళీపట్నం రామారావు గారు 1948 నుంచి 31 ఏళ్ళు విశాఖలో సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. ఒక మనిషి పని జీవితమంతా ఈ ఊళ్ళోనే గడిచింది. అయినా ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే కథలో ఉన్నది శ్రీకాకుళం పల్లె, దాని అప్పు, దాని పంచాయితీ. 1997లో కథానిలయం మొదలుపెట్టింది కూడా శ్రీకాకుళంలోనే. అన్నం పెట్టిన ఊరు ఒకటి, ప్రాణం ఉన్న ఊరు ఇంకొకటి. నగరం మనిషిని మార్చేస్తుందన్న నా వాదన ఆయన ముందు నిలవలేదు. దూరంగా ఉండబట్టే పల్లె అంత తేటగా కనపడిందేమో అని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. కానీ అది నా వాదన గెలవడం కోసం కట్టుకున్న మాటలాగే అనిపిస్తుంది.

చాలా రోజులు ఇక్కడే ఆగిపోయాను. పుట్టిన ఊరు అడిగితే కారా మాస్టారు దొరుకుతారు, రావిశాస్త్రి జారిపోతారు. పనిచేసిన చోటు అడిగితే రావిశాస్త్రి దొరుకుతారు, కారా మాస్టారు జారిపోతారు. చివరికి నాకు తోచింది ఇది: ఊరు అడగడం మాని దారి అడగాలి. అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చారు? మొదట ఏ బస్సెక్కారు, దిగాక ఎవరింట్లో ఉన్నారు, చేతికి మొదటి పని ఎవరిచ్చారు, ఇప్పుడు తిరిగి వెళ్ళాలంటే ఏ దారిన వెళ్తారు? దారి అడిగితే రెండు చివరలూ వస్తాయి. మనిషి తనకి ఇష్టమైన చోట మొదలుపెట్టుకోవచ్చు, చెప్పడం ఇష్టం లేని మలుపు పక్కన పెట్టేయవచ్చు. నటి అమ్మాయికి కావలసింది ఆ వెసులుబాటే. ఇంటిపేరు చెప్పకుండా కోటవీధి నుంచి సిరిపురం కళాక్షేత్రం దాకా తన కథంతా ఆమె చెప్పగలదు. నిరుడు చెప్పింది కూడా, రెండు గంటలు.

గడిలో ఏం రాయాలి

కళాకారుల్ని దారి అడగడం మొదలుపెట్టాక నాకు అనుకోకుండా దొరికినవి నగరం కబుర్లు. ఇన్నాళ్ళూ గడి నింపడానికి ఎక్కడెక్కడో వెతికాను.

ఉదాహరణకి ఫిషింగ్ హార్బర్. తెల్లవారుజామున చేపల వేలం చూడమని ఎవరైనా చెబుతారు. మా చిత్రకారుడు చెప్పింది వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. హార్బర్‌లో చూసేదేమీ ఉండదని ఎవరూ వెళ్ళని రోజులవి. పడవలకి మరమ్మతులూ రంగులూ పడేది అప్పుడే. ఫ్లెక్సీలు వచ్చి ఊళ్ళో బోర్డులు రాసేవాళ్ళ నోటి దగ్గర కూడు లాగేసుకున్నాక, ఆయనకి తెలిసిన ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ బ్రష్ పట్టేది ఆ పడవల దగ్గరే. ఎండ ఎక్కకముందు వెళ్ళండి, పని చేస్తున్నవాళ్ళని అడిగి నిలబడండి. ఒక పేరు పూర్తిగా రాయడం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చూడండి. నేను మొన్న మే నెలలో చూశాను. ఒక 'శ్రీ' దించడానికి అతను ఊపిరి బిగబట్టిన సంగతి నాకు పక్కన నిలబడితేనే తెలిసింది.

లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక కూడా అంతే. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో అక్కడి బొమ్మల కళాకారుడు సి.వి. రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. బొమ్మలు బీచ్ రోడ్డులోనూ కొనొచ్చు. యలమంచిలి దాటి అక్కడిదాకా వెళ్ళేది బొమ్మ కోసం అనుకోకండి. తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆన్చితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. ఆ క్షణం చూడాలి. నేను ఒక చేతిపనివాణ్ణి తరతరాల సంగతి అడిగితే ఆయన అంకుడు కర్ర గురించి చెప్పడం మొదలుపెట్టారు. మొదలు వదిలి కొడితే చెట్టు మళ్ళీ చిగురిస్తుందట, తెలియనివాళ్ళు మొదలంటా కొట్టేస్తే ఇక రాదట. "మా తాత సంగతి కాదమ్మా, ఈ మొదలు సంగతి రాయండి" అన్నారు. మూలాల గురించి నేను విన్న జవాబుల్లో అంత సూటి జవాబు ఇంకోటి లేదు.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సాహిత్య సభలు మీకు తెలిసినవే. అక్కడ వందన సమర్పణ అవగానే లేచిపోకండి. అసలు మాటలు తర్వాత, బయట టీ దగ్గర మొదలవుతాయి. భీమిలికి కారులో వెళ్ళేవాళ్ళు ఒక్కసారి 900కె బస్సెక్కండి. డ్రైవరు వైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఋషికొండ దాటాక సముద్రం పక్కనే వస్తుంది. కథలు రాసే ఒక మిత్రురాలు ఈ బస్సులోనే రాసుకుంటుంది. ఆమె దారి అది.

ఇవన్నీ రాస్తున్నానా, ఒక రిటైర్డ్ తెలుగు టీచరు గారు నాతో గట్టిగా గొడవపెట్టుకున్నారు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర మార్గశిర గురువారం తెల్లవారకముందు క్యూలో ఆడవాళ్ళు పాడుకునే పాటల గురించి గడిలో రాస్తానన్నాను. "వద్దు. రాశావంటే వచ్చే ఏడాది పాటలు పాడేవాళ్ళ కంటే ఫోన్లు పట్టుకునేవాళ్ళు ఎక్కువుంటారు. వాళ్ళు అమ్మవారికి పాడుకుంటున్నారు, నీ పత్రికకి కాదు" అన్నారు. నాకు జవాబు తోచలేదు. పైకప్పు లేని ఆ గర్భగుడి ముందు ఎవరి పూజ వాళ్ళే చేసుకుంటారు. అక్కడ ప్రేక్షకులకి చోటు లేదు.

అరకులో గిరిజన నృత్యం ధింసా ఆడే ఒకామెని ఇదే విషయం అడిగాను. రిసార్టుల్లో టూరిస్టుల ముందు ఆడటం బాధగా లేదా అని. "పండక్కి మా ఊర్లో ఆడతాం, డబ్బులకి ఇక్కడ ఆడతాం. రెండూ మేమే కదా, తప్పేటి?" అంది. ఆ మాటతో నా బాధలో చాలా భాగం నాదేనని తెలిసింది. ధింసా వాయిద్యాలు తుడుమూ మోరీ వినపడగానే పవిత్రం, అపవిత్రం అని లెక్కలు కట్టింది నేను. ఆమెకి ఆ రోజు కూలి ఎంతన్నదే లెక్క. అందుకని ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరి దారి రాస్తున్నానో వాళ్ళనే అడుగుతాను, మనుషులు వస్తే మీకు మంచిదేనా అని. హార్బర్‌లో రంగులేసేవాళ్ళు రమ్మన్నారు. బురుజుపేట క్యూలో ఒక పెద్దావిడ వద్దంది. అక్కడి పాటల గురించి ఇంతకు మించి రాయను.

మళ్ళీ వెళ్ళినప్పుడు

సంక్రాంతి అయ్యాక చిత్రకారుడి ఇంటికి మళ్ళీ వెళ్ళాను. కోసేసిన భాగం సంగతి చెప్పి క్షమించమన్నాను. "పేపర్లో ఎంతని పడతాదమ్మా" అని తీసిపారేశారు. ఈసారి ఊరి సంగతి అడగలేదు. "ఖాళీ చేసిన రోజు అక్కడి నుంచి ఇక్కడికి ఏ దారిన వచ్చారు మాస్టారూ?" అన్నాను.

పెన్సిల్ తీసుకున్నారు. పాత క్యాలెండరు వెనక నుయ్యి వేశారు, నూతి పక్కన చింతచెట్టు, అక్కడి నుంచి బండిదారి. బండి మీద ఏమేం ఎక్కించారో ఒక్కొక్కటీ చెబుతూ గీస్తున్నారు. ధాన్యం బస్తాలు, రోలు, నులకమంచం, మేకపిల్ల. అన్నిటి మీదా అడ్డంగా ఒక పొడుగాటి చట్రం వేశారు. ఏమిటని అడిగాను.

"ద్వారబంధం. గోడలు ఎలాగూ తేలేం కదా, మా నాయిన అది ఊడపీకించి తెచ్చేసేడు. ఇక్కడ ఇల్లు ఎత్తు సరిపోక అడుగున జానెడు కోయించేరు" అని వీధి గుమ్మం వైపు చూపించారు.

లేచి వెళ్ళి చూశాను. పై కమ్మీ మీద రెండు చిలకలు చెక్కి ఉన్నాయి, వాటి మధ్యలో పసుపు. కింద రెండు వైపులా కోసిన చోట చెక్క రంగు ఇప్పటికీ కొంచెం తేడాగా ఉంది. శ్రావణంలో ఒకసారి, ఇప్పుడొకసారి, ఆ గుమ్మంలోంచే నేను లోపలికి వచ్చాను.